మందుకుప్పె అత్తరు సీసా ఎట్లా అయింది?

పాత తుపాకి ఎక్కడ కనిపించినా దాన్ని తుపాకి కాదనే వాళ్ళు ఉండరు. చిక్కంతా దాని వెంట తిరిగిన చిల్లర సామానుతోనే. మందు పోసుకునే కుప్పె, బెజ్జం పొడిచే సూది, గుండ్లు పోసే మూస, గజం కొనకి తగిలించే మరచుట్ట, టోపీలు పెట్టుకునే రేకుడబ్బీ. ఇవి తుపాకి నుంచి విడిపడితే చాలు, మరుక్షణం ఇంకేదో అయిపోతాయి. ఒకటి అత్తరు సీసా, ఒకటి కాఫీ మర, ఒకటి గడియారం తాళంచెవి. ప్రదర్శనశాలల్లో, పాత సామాన్ల అంగళ్ళలో, అమ్మకపు జాబితాల్లో ఇట్లాంటి చీటీలు చాలా చదివినాను. ఏ ప్రదర్శనశాల, ఏ అంగడి అనేది ఇక్కడ అనవసరం, జబ్బు అందరిదీ ఒకటే. ఈ చీటీలు ఎక్కడ తప్పుతున్నాయో, ఆ తప్పుల్లో మన మాటలు ఎట్లా పోతున్నాయో చెప్పాలనే ఈ నాలుగు ముక్కలు.

నా ఫిర్యాదు ముందే చెప్పేస్తాను. చీటీ రాసేవాళ్ళు వస్తువు ఆకారం చూస్తారు, అది చేసే పని చూడరు. పేరు పెట్టేటప్పుడు ఇంగ్లీషు సేకర్తల మాటో ఫారసీ దర్బారు మాటో వాడతారు గానీ, ఆ వస్తువు వాడిన ఇంట్లో దాన్ని ఏమన్నారో అడగరు. మన వైపూ తప్పుంది. మనం మాట ఒక్కటే దాచుకుంటాం, వస్తువుని పాత ఇనుము కింద వేసేస్తాం. మాట లేని వస్తువు మూగది. వస్తువు లేని మాట ఇంకా ప్రమాదం, అది ఎవరు ఎట్లా తిప్పితే అట్లా తిరుగుతుంది.

మొదటి ఉదాహరణ కుప్పె. అరచేతిలో ఇమిడే ఇత్తడి కుప్పె, శంఖం మాదిరి వంపు, కొనలో సన్నని మూతి. కింద చీటీ: 'అత్తరు సీసా'. చూస్తే అందంగానే ఉంది, అత్తరుదే అనిపిస్తుంది. కానీ మూతి దగ్గర ఒక చిన్న మీట, దాని కింద బద్ద లాంటి స్ప్రింగు. బొటనవేలితో నొక్కితే మూత లేస్తుంది, వదిలితే టక్కున పడుతుంది. అత్తరుకి ఇట్లాంటి మూత పనికిరాదు. వాసన పోకుండా బిగించే బిరడా కావాలి, అత్తరు తీసుకోవడానికి పుల్ల కావాలి. ఒంటి చేత్తో క్షణంలో తెరిచి, చిటికెడు పొడి రాల్చి, నిప్పు రవ్వ పడకముందే మూసేయాల్సిన అవసరం ఒక్కరికే ఉంటుంది, తుపాకి పట్టుకున్నవాడికి. రెండో చెయ్యి ఖాళీ లేనిది అతనికే.

అది రంజకపు కుప్పె. వత్తి తుపాకిలోనూ చెకుముకి తుపాకిలోనూ మందు రెండు చోట్ల వేయాలి. గొట్టంలోకి పోసేది అసలు మందు. గొట్టం పక్కన బెజ్జం దగ్గరున్న చిన్న గిన్నెలో వేసేది చిటికెడు మెత్తని మందు, అదే రంజకం. నిప్పు ముందు రంజకానికి తగులుతుంది, అక్కణ్ణించి బెజ్జం గుండా లోపలికి పోతుంది. తెలుగు, కన్నడం, మరాఠీ మూడింట్లోనూ ఈ మాట ఉంది. మనోరంజకం అన్నప్పుడున్న రంజకమే ఇది కూడా. సంస్కృతం మాట తుపాకి పనిలో చేరి ఎంత గట్టి సాంకేతిక పదం అయిందో చూడండి.

కాబట్టి కుప్పె చూడగానే అడగాల్సిన మొదటి ప్రశ్న: మూతి ఎంత వెడల్పు? సన్నగా, చిటికెడు పొడి మాత్రం రాలేట్టుంటే రంజకానిది. వెడల్పుగా ఉండి, మూతి గొట్టమే కొలతగా పనిచేస్తుంటే అసలు మందుది. 19వ శతాబ్దంలో షెఫీల్డ్ నుంచి జేమ్స్ డిక్సన్, హాక్స్‌లీ కంపెనీల కుప్పెలు మన దేశానికి బాగా వచ్చినాయి. వాటి మూతి మీద రెండుంబావు, రెండున్నర, రెండుముక్కాలు అని గీతలుంటాయి. అవి డ్రాముల లెక్క. ఒక డ్రాము సుమారు 1.77 గ్రాములు. ఫ్రెంచి సరుకు మీద గీతలు గ్రాముల్లో ఉంటాయి. యానాం, పాండిచ్చేరి పక్కవాళ్ళు ఇంట్లో కుప్పె ఉంటే ముందు ఆ అంకెలు చూడాలి. 2.5 అన్నచోటా 5 అన్నచోటా మూతి గొట్టం కొలతలో పెద్ద తేడా లేకపోతే ఆశ్చర్యపోవద్దు, ఒకటి డ్రాముల్లో ఉంది, ఒకటి గ్రాముల్లో ఉంది.

రెండో ఉదాహరణలో తప్పు కంటిది కాదు, భాషది. ఒక పాత కుటుంబపు సామాన్ల జాబితాని ఇంగ్లీషు చేసినప్పుడు 'మందుకుప్పె 1' అన్న చోట ఔషధం సీసా అని రాసినారు. అనువాదకుణ్ణి తిట్టి లాభం లేదు, 'మందు' అంటే అతనికి తెలిసిన మొదటి అర్థం అదే. కానీ పక్క వరస చదివి ఉంటే తెలిసేది, అక్కడ గుండ్లమూస ఉంది. వైద్యుడికి గుండ్లమూసతో పనేముంది?

ఈ తికమక మన ఒక్కరిదే కాదు. తమిళంలో మరుందు అంటే ఔషధమే, తుపాకి మందూ మరుందే. కన్నడంలో మద్దు కూడా అంతే. మరాఠీలో దారూ అంటే సారాయీ, తుపాకి మందూ. ఆ మాట ఫారసీ నుంచి వచ్చింది, అక్కడ దారూ అంటే ఔషధం. అంటే హోసూరు నుంచి షోలాపూరు దాకా మన వాళ్ళు ఏ భాష మధ్య బతికినా, పొరుగు భాషలోనూ ఔషధం మాటే తుపాకి మందుకి పేరు. ఒరియాలో మాత్రం బారుద అంటారు, కాబట్టి గంజాం, కొరాపుట్ పక్క కాగితాల్లో ఈ పొరపాటుకి చోటు తక్కువ. మందులో కలిసే సురేకారాన్నే తీసుకోండి. తెలుగులో దానికి పెట్లుప్పు అని ఇంకో పేరుంది, పెట్లే ఉప్పు అని. కన్నడంలోనూ పెట్లుప్పే. తమిళంలో వెడియుప్పు, అర్థం అదే. ఒక మాట ఇల్లు మారకుండానే గోడకి అవతల కూడా వినిపించడం అంటే ఇదే. మాండలికాల చరిత్ర రాసేవాళ్ళు కూరగాయల పేర్లూ చుట్టరికాల పేర్లూ ఏరినంత శ్రద్ధగా ఈ పనిముట్ల పేర్లు ఏరలేదు. అది మన పరిశోధకుల మీద నా రెండో ఫిర్యాదు.

మూడోది గజం. ఒక ఇనుప కడ్డీ కింద 'పాతకాలపు కొలబద్ద, గజం' అని చీటీ. ఇచ్చినవాళ్ళు గజం అనే చెప్పి ఉంటారు. రాసినవాళ్ళకి గజమంటే మూడడుగులే తెలుసు. హిందుస్తానీలోనూ మరాఠీలోనూ గజ్ అంటే తుపాకి గొట్టంలో మందు దట్టించే కడ్డీ కూడా. మా హోసూరు పక్క పెద్దోళ్ళు పందుల కాపలా తుపాకి సంగతి చెప్పేటప్పుడు "మందు పోసి, గుడ్డ పెట్టి, గజంతో దంచల్ల" అనేవాళ్ళు. కొలబద్ద అయితే గీతలుండాలి గదా! ఈ కడ్డీకి గీత ఒక్కటీ లేదు. ఒక కొన కొంచెం లావు, ఇంకో కొన లోపల మర. ఆ మరలోనే గుట్టంతా ఉంది. దానికి తగిలించే చిన్న సామాను వేరేగా ఉంటుంది, అది చాలాసార్లు పోయి ఉంటుంది.

ఆ చిన్న సామానులో రెండింటిని ఒకటే అనుకుంటారు. ఒకదానికి రెండు కొనలుంటాయి, రెండూ ఒకదాన్నొకటి పెనవేసుకున్న తీగల్లా చుట్ట తిరిగి ఉంటాయి. అది లోపల ఇరుక్కున్న గుడ్డనీ పీచునీ లాగడానికి. ఇంకోదానికి ఒకే కొన, చెక్కలో దిగే మరమేకు మాదిరి పదునుగా ఉంటుంది. అది పేలకుండా ఉండిపోయిన సీసపు గుండులోకి దిగి దాన్ని బయటికి తెస్తుంది. మొదటిది గుండుని పట్టలేదు, రెండోది గుడ్డని సరిగా పట్టదు. రెండింటికీ కలిపి 'తుపాకి శుభ్రం చేసే పరికరం' అని రాస్తే, కొడవలినీ తొలికనీ కలిపి వ్యవసాయ పరికరం అన్నట్టుంటుంది. అబద్ధం కాదు, ఉపయోగమూ లేదు.

నాలుగోది చూసి నవ్వొచ్చింది. కాఫీ తోటల సీమలో ఒక పాత బంగళా వంటసామాను మధ్య, బల్లకి బిగించే ఇనుప మర, పక్కన పిడి. చీటీ: 'కాఫీ గింజల మర'. కాఫీ మరకి పైన గింజలు పోసే గిన్నె ఉండాలి, కింద పొడి రాలే దారి ఉండాలి. దీనికి రెండూ లేవు. పిడి తిప్పితే ఒక చిన్న తల గుండ్రంగా తిరుగుతుంది, ఎదురుగా ఒక మీట దేన్నో ఆ తలకేసి నొక్కుతుంది. పక్కన 12 అని అంకె. అది ఇంట్లోనే తూటాలు నింపుకునే రోజుల్లో, కాగితపు తూటా అంచుని లోపలికి మడిచి మూసే మర. ఆ 12 నంబరు గొట్టానిది. ఒక పౌను సీసంతో సమానంగా 12 గుండ్లు పోస్తే, ఒక్కో గుండు ఎంత లావుంటుందో అంత గొట్టం. అంటే గుండు సుమారు 37.8 గ్రాములు, గొట్టం వెడల్పు సుమారు 18.5 మిల్లీమీటర్లు. అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. 16 నంబరుది సుమారు 16.8, 20 నంబరుది 15.6. ఈ లెక్క తెలియక 12 చూసి 'పన్నెండో సైజు మర' అని రాసేవాళ్ళున్నారు.

గడియారం తాళంచెవి కథ కూడా అంతే. గడియారం చెవికి కొనలో నాలుగు పలకల మూసిన రంధ్రం ఉంటుంది. టోపీ తుపాకి నిపులు విప్పే చెవికి కొన గొట్టంలా ఉండి, దానికి అటూ ఇటూ కోత ఉంటుంది. నిపులు అడుగున ఉండే రెండు చదును పలకల మీద కూర్చోవడానికే ఆ కోత. కొన్నిటి పిడి విప్పితే లోపల సన్నని సూది కూడా దొరుకుతుంది. సూది ఉన్న గడియారం చెవి నేనెక్కడా చూడలేదు.

ఇక పుస్తకాల సంగతి. ఇంగ్లీషులో ఎగర్టన్ 1880లో ఇండియా ఆయుధాల సచిత్ర జాబితా వేసినాడు. విలియం ఇర్విన్ 1903లో మొగలుల సైన్యం మీద పుస్తకం రాసి, ఆయుధాల పేర్లు, సామాన్ల పేర్లు వరసగా ఇచ్చినాడు. ఇద్దరి శ్రమా గొప్పదే. కానీ ఇర్విన్ చదివింది ఫారసీ గ్రంథాలు, కాబట్టి అతని మాటలు దర్బారు మాటలు. వాటిని తెచ్చి దక్షిణాది పల్లె తుపాకి సామాను మీద అంటిస్తే, తూత్తుకుడి పక్కన దొరికిన కుప్పె కూడా 'బారూద్‌దాన్' అయిపోతుంది. ఆ కుప్పె వాడినాయన జన్మలో ఆ మాట అని ఉండడు. రాబర్ట్ ఎల్గుడ్ 2004లో వేసిన పుస్తకం దక్షిణాది ఆయుధాలకి పెద్దపీట వేసింది, అది మెచ్చుకోవాల్సిందే. అయితే అక్కడ వెలుగంతా కత్తులూ కఠారుల మీదే. చిల్లర సామానుకి వాకిట్లోనే చోటు.

మన వైపు బ్రౌను దొరే నయం. 1852 నిఘంటువు సరిపోదని, 1854లో మిశ్ర తెలుగుకీ, తెలుగులో కలిసిన అన్యదేశ్యాలకీ ప్రత్యేకంగా ఇంకో నిఘంటువు వేసినాడు. పండితులు ఎంగిలి మాటలని తోసేసినవి ఆయన కచేరీ కాగితాల్లోంచి, జనం నోట్లోంచి ఏరుకున్నాడు. తుపాకి తురక సీమ మాట, ఫిరంగి ఫ్రాంకుల పేరు నుంచి వచ్చిన మాట, బందూకు అరబ్బీ నుంచి వచ్చిన మాట. ఇవన్నీ తీసేస్తే ఈ పనిలో తెలుగే మిగలదు. అయితే నిఘంటువుకి ఒక హద్దుంది. అది మాటకి అర్థం చెబుతుంది, వస్తువు బొమ్మ చూపదు. 'గుర్రం' సంగతే చూడండి. తుపాకిలో ముందుకు దూకి దెబ్బ కొట్టే భాగాన్ని తమిళంలో కుదిరై అన్నారు, కన్నడంలో కుదురె, హిందీలో ఘోడా. అన్నీ గుర్రాలే. కానీ ఇప్పుడు చాలామంది వేలితో నొక్కే మీటని కూడా అదే పేరుతో పిలుస్తారు. పాత కాగితంలో 'గుర్రం విరిగింది' అని ఉంటే ఏది విరిగిందో నిఘంటువు తేల్చదు, తుపాకే తేల్చాలి.

ఇదంతా ఎందుకు పట్టించుకోవాలి అనే వాళ్ళుంటారు. తంజావూరు చూడండి. అక్కడ 1673 దాకా తెలుగు నాయకుల ఏలుబడి, తర్వాత మరాఠా రాజులు. 1855లో ఆ రాజ్యం ముగిసినాక కోటలోని ఆయుధశాల చెదిరిపోయింది. ఏరినవి మద్రాసు మ్యూజియానికి పోయినాయి, మిగిలిన దాంట్లో చాలా భాగం విరగ్గొట్టి పాత లోహం కింద అమ్మేసినారు. వాల్‌హౌస్ అనే ఆయన 1878లో ఇండియన్ ఆంటిక్వెరీలో ఆ సంగతి రాసినాడు. ఏరేవాళ్ళ కన్ను పడేది నగిషీ కత్తి మీద, బంగారు పూత మీద. మసిబారిన సూదినీ, అరిగిన మూసనీ ఎవరు ఏరతారు?

దక్షిణ పాళెగాళ్ళ కథ ఇంకోటి. పాంచాలంకురిచ్చి కట్టబొమ్మన ఇంటి మాట తెలుగే. 1799లో ఆయన్ని కయత్తారులో ఉరి తీసినారు. 1801 యుద్ధం తర్వాత కోట నేలమట్టం అయింది, పాళెగాళ్ళ ఆయుధాలు కంపెనీ లాక్కుంది. తర్వాత 1878 ఆయుధ చట్టంతో లైసెన్సు లేని తుపాకి ఇంట్లో ఉంచడమే నేరం అయింది. రెండు తడవలుగా తుపాకులు ఇళ్ళు దాటిపోయినాయి. లెక్కల్లో ఎక్కేది తుపాకి, దాని వెంటి కుప్పె మీద ఎవరి కన్నూ పడదు. అందుకే ఈరోజు చాలా ఇళ్ళల్లో తుపాకి లేదు, అటక మీద ఎక్కడో ఒక కుప్పో, కొమ్మో, మూసో మిగిలింది. మన వాళ్ళ చేతిలో తుపాకి ఉండేదని చెప్పే సాక్ష్యం కొన్ని ఇళ్ళల్లో అదొక్కటే. దాన్ని అత్తరు సీసా అన్న రోజున ఆ సాక్ష్యం కూడా పోయినట్టే.

మాట కూడా సాక్ష్యమే, కానీ జాగ్రత్తగా వాడాలి. 19వ శతాబ్దం మధ్యకి టోపీ తుపాకులు వచ్చినాక రంజకంతో పని లేకుండా పోయింది. నిపులు మీద రాగి టోపీ పెడితే చాలు. కాబట్టి రంజకపు కుప్పె దొరికితే అది వత్తి తుపాకిదో చెకుముకి తుపాకిదో అని ధైర్యంగా అనొచ్చు. ఇంట్లో రంజకం అనే మాట మాత్రమే దొరికితే అంత ధైర్యం వద్దు, పని పోయినా మాట బతుకుతుంది. ఇత్తడి కుప్పె కనిపించగానే పాతదని పొంగిపోనూ వద్దు. అలంకారానికి పోతపోసిన కొత్త కుప్పెలు బజారు నిండా ఉన్నాయి. వాటి మీట వదిలితే మూత పూర్తిగా మూసుకోదు, మూతి గొట్టం మీద కొలత గీతలుండవు, నగిషీ అంచులు మొద్దుగా ఉంటాయి. పని చేయాల్సిన చోట పని చేయదు, అదే గుర్తు.

చీటీ ఎట్లా ఉండాలో కూడా చెప్పకపోతే విమర్శ సగమే. నా మటుకు నాలుగు ముక్కలు చాలు: అది చేసే పని, ఏ రకం తుపాకికి, దొరికిన ఊరు, ఆ ఇంట్లో పిలిచిన పేరు. 'రంజకం పోసే ఇత్తడి కుప్పె, వత్తి తుపాకికి, ఫలానా ఊరు, ఇంట్లో మందుకుప్పె అనేవాళ్ళు.' ఇంగ్లీషు పేరు, ఫారసీ పేరు తర్వాత చేర్చుకోవచ్చు, వాటితో నాకు పేచీ లేదు. పేచీ అంతా నాలుగో ముక్క ఎప్పుడూ ఖాళీగా ఉండడం గురించే.

ఆ ఖాళీ నింపాల్సింది ప్రదర్శనశాల వాళ్ళు కాదు, మనం. కోవిల్‌పట్టి, రాజపాళెం, కోలారు, బళ్ళారి, బరంపురం, షోలాపూరు, సిరొంచ, యానాం, ఎక్కడివాళ్ళైనా సరే, ఇంట్లో ఇట్లాంటిది ఉంటే పెద్దోళ్ళని అడిగి పేరు రాసిపెట్టండి. వాళ్ళు పలికినట్టే రాయండి, దిద్దొద్దు. తుప్పాకి అంటే తుప్పాకి, బందూకు అంటే బందూకు. మూతి వెడల్పు, మీట ఉందా లేదా, అంకెలు, ముద్రలు అన్నీ రాయండి. ఒక్క జాగ్రత్త: పాత కుప్పెలో నల్లమందు మిగిలి ఉంటే అది వందేళ్ళకైనా అంటుకుంటుంది. పాత డబ్బీలో టోపీలున్నా అంతే. గీకడం, కాల్చడం, సుత్తితో కొట్టడం చేయొద్దు. తెలిసినవాళ్ళని పిలవండి.

సామాను ఇంకో నూరేళ్ళు అటక మీద పడి ఉన్నా చెడదు. పేరు తెలిసిన మనిషి అన్నాళ్ళు ఉండరు. ముందు అడగాల్సింది వాళ్ళని.